రెండు డబ్బాల తేట

గట్టు కట్టిన ఇరవై రెండో ఏడు, జూన్ 9

నిన్న ఉన్న అంకెలు ఇవాళ లేవు.

ఆస్పత్రి రిజిస్టరులో కణితి రోగుల పేజీ ఒకటుంది. నలభై ఒక్క పేర్లు. ప్రతి పేరుకీ ఎదురుగా, ఆ మనిషి దిగులు తగ్గడానికి రోజుకి ఎన్ని తేట మాత్రలు వేసుకుంటున్నారో రాసే గడి. ఈ ఉదయం తెరిచి చూస్తే గడులన్నీ ఖాళీ. పేర్లు కూడా పోయాయి. వాటి స్థానంలో క-1, క-2 అని నంబర్లు. తెర మీది అంకెను ఎవరైనా తుడిచెయ్యగలరు. అందుకే ఈరోజు నుంచి నోటుపుస్తకంలో రాస్తున్నాను.

నా పేరు పరంజ్యోతి. కొత్తరేవు ఆస్పత్రి ల్యాబులో పదిహేడేళ్ళుగా పని చేస్తున్నాను. కణితి ఉన్నవాళ్ళ రక్తాన్ని మూడు నెలలకోసారి వడగట్టి, దొరికిన కణాలను గాజు పలక మీదకి తీసి, రంగు వేసి మైక్రోస్కోపులో లెక్కపెడతాను. కణితి నుంచి ఊడి రక్తంలో తిరిగే కణాలు పెరుగుతున్నాయంటే రోగం ఉన్నచోట ఉండకుండా ఒళ్ళంతా పాకడానికి బయల్దేరిందని అర్థం. పూర్వం ఈ లెక్కకి యంత్రం ఉండేది. ఉప్పుగాలి దాన్ని తినేసింది. ఇప్పుడు నా కళ్ళతోనే పని. నా దగ్గరికి వచ్చే రక్తం సీసాల మీద ఏడాదికి పైగా పేర్లుండవు, నంబర్లే.

డాక్టరు భానోజీగారిని అడిగాను. "రిజిస్టరులో మాత్రల గడి ఖాళీగా ఉందండి."

"నేనే తీయించాను." ఆయన తల ఎత్తలేదు.

"ఎందుకండి?"

"నీ పని కణాలు లెక్కపెట్టడం పరంజ్యోతీ. మాత్రలు లెక్కపెట్టడం కాదు."

నా క్యారేజీలో చేపల పులుసు ఉందంటే అడిగి మరీ వేయించుకునే మనిషి. ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ నలభై ఒక్కమందిలో మా అక్క కరుణమ్మ ఒకతె. ఏడాదిన్నర కిందట ఆమె ఎడమ రొమ్ములో గడ్డ తీశారు. ఆ ముక్కను కోసి చూసింది నేనే.

జూన్ 13

పొద్దున ఆరున్నరకి తేట కిటికీ దగ్గర నిలబడ్డాం, అక్కా నేనూ. దిగులు ఎంతుందో చూపే పట్టీ నాలుక మీద పెట్టుకుని రంగు మారేదాకా ఆగాలి. పసుపైతే ఒక మాత్ర, పచ్చ అయితే రెండు, నీలమైతే మూడు. మాత్ర మింగి నోరు తెరిచి చూపించాకే బియ్యం చీటీ మీద ముద్ర పడుతుంది. అక్కకి మొదటినుంచీ నీలమే.

తేటని ఇక్కడ ఎవరూ పల్లెత్తు మాట అనరు. దానికి కారణం ఉంది. ఉప్పెనలో ఊళ్ళు మునిగి, మిగిలినవాళ్ళం నీళ్ళ మీద స్తంభాలు నాటుకుని ఈ గట్టు మీదకి ఎక్కిన మొదటి రెండేళ్ళూ, వారానికొకరు పడవమెట్లు దిగి తిరిగి వచ్చేవారు కాదు. మా బావనీ, అక్క కూతురినీ ఉప్పెన తీసుకుపోయింది. ఒకనాడు అక్క ఆరో మెట్టు మీద ఉండగా నేను చీర కొంగు పట్టుకుని వెనక్కి లాగాను. ఆ తర్వాత తేట వచ్చింది. అక్క మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది. మెట్ల మీద ఇప్పుడు చేపలు ఆరబెడుతున్నారు.

కిటికీలో మాత్రలు ఇచ్చేది మంగతాయారు పిన్ని. మా వరసలోనే ఇల్లు. ఇవాళ ఆమె చేతుల్నే చూస్తూ నిలబడ్డాను. ముందు రెండు డబ్బాలున్నాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. మాత్రలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నాబోటివాళ్ళకి చేతికి ఏది అందితే అందులోంచి తీస్తోంది. కణితి ఉన్నవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం బల్ల కింద ఉన్న కాగితం చూసుకుని తీస్తోంది. మా అక్కకి కుడి డబ్బా. అక్క వెనకాల ఉన్న పడవల మేస్త్రికి ఎడమ డబ్బా.

"రెండు డబ్బాలు ఎందుకు పిన్నీ?" అన్నాను.

"ఒకదాంట్లో పట్టవుగా మరి," అంది. నా వైపు చూడకుండా కాగితాన్ని ఇంకాస్త లోపలికి తోసింది.

జూన్ 24

వరసగా మూడు నాలుగు రోజులు కిటికీ దగ్గర ముందే వచ్చి నిలబడ్డాను. నిన్నటిదీ మొన్నటిదీ ఒకటే. అక్కకి కుడి. మేస్త్రికి ఎడమ. మంగతాయారు పిన్ని భర్త వీరన్న బాబాయికి గొంతులో కణితి. ఆయనకీ ఎడమే. ఒక్కసారి కూడా మారలేదు.

ల్యాబులో ఈ వారం పదకొండు పలకలు చూశాను. అన్నిటి మీదా నంబర్లే. రక్తంలో అలాంటి కణాలు రెండో మూడో కనిపించడం మామూలే. క-17లో నలభై ఆరు ఉన్నాయి. క-30లో యాభై రెండు. ఇంత తొందరగా ఇన్ని పెరగడం నేను ఈ రెండేళ్ళలోనే చూస్తున్నాను. గట్టు మీద సొంతంగా తేట తయారుచేసే కార్ఖానా మొదలై మూడేళ్ళు. అంతకుముందు మందు ఓడల మీద వచ్చేది.

అయినా తొందరపడకూడదు. రోగం ముదిరినవాళ్ళకి దిగులు ఎక్కువ, దిగులు ఎక్కువైనవాళ్ళకి మాత్రలు ఎక్కువ. మాత్రల వల్ల రోగం పాకుతోందో, రోగం పాకడం వల్ల మాత్రలు పెరిగాయో నా నోటుపుస్తకం చెప్పలేదు. అది చెప్పగలిగే అంకెలనే డాక్టరుగారు తీయించారు.

క-17 ఎవరో నాకు తెలియదు. అక్క కావచ్చు.

జూలై 5

నిన్న ఆరోగ్య కమిటీ నుంచి ఇందుశేఖర్‌గారు ల్యాబుకి వచ్చారు. కార్ఖానా పెట్టించింది ఆయనే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉందండి."

"నీళ్ళ ట్యాంకు దగ్గర మీరు జనాన్ని ఏవో అడుగుతున్నారట. ఎవరికెన్ని మాత్రలు, ఎన్నాళ్ళ నుంచి అని. మనసులో ఏమైనా అలజడిగా ఉంటోందా?"

"లేదండి."

"అనుమానం కూడా దిగులులో ఒక రకమేనమ్మా. మనిషికి తెలియకుండా పెరుగుతుంది. కావాలంటే మీ మోతాదు ఒకటి పెంచమని చెప్తాను." మాటలో కోపం లేదు. అక్కచెల్లెళ్ళతో మాట్లాడినట్టే ఉంది. అందుకే నాకు భయం వేసింది.

"ఆలోచించుకుని చెప్తానండి," అన్నాను.

ఆయన వెళ్ళాక చాలాసేపు పలక మీద చూపు నిలవలేదు. నాకు తోచినదంతా నిజంగా ఉన్నదా, లేక ఆయన చెప్పినట్టు నా ఒంట్లో పెరుగుతున్నదా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. తేట మీద అనుమానం వచ్చినవాళ్ళకి ఇంకాస్త తేట ఇచ్చే ఊళ్ళో, అనుమానం నిజమని ఎప్పటికైనా ఎవరికి తెలుస్తుంది?

ఇవాళ పొద్దున పట్టీ మీద నాకు పచ్చ వచ్చింది. ఎప్పుడూ పసుపే వచ్చేది.

జూలై 16

అక్క నాలుగు రోజులుగా దగ్గుతోంది. నాచు ఆరబెడుతుంటే పక్కన కూర్చుని అన్నాను. "అక్కా, కొన్నాళ్ళు తేట మానేత్తే ఎలా ఉంటదంటావు?"

"ఎందుకే?"

"గడ్డ తీసినోళ్ళకి అది మంచిది కాదేమోనని."

అక్క చేతిలో నాచు కింద పెట్టింది. "ఖాయంగా చెప్తన్నావా?"

"ఖాయం కాదు."

"మరయితే ఊరుకో. నీకు గుర్తుందో లేదో గానీ, ఆ ఆరో మెట్టు మీద నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలుసు. అది మానేత్తే నేను మళ్ళీ అక్కడికే ఎళ్తాను జ్యోతీ. గడ్డ వల్ల పోతానో లేదో నీకే తెలీదంటన్నావు. దిగులు వల్ల పోతానని నాకు తెలుసు."

దగ్గు వచ్చినప్పుడల్లా నేను తల తిప్పి చూడటం ఆమె గమనించింది. అప్పటినుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

జూలై 22

మధ్యాహ్నం భోజనం వేళ డాక్టరుగారు పాత శీతలగది వైపు వెళ్ళడం చూసి వెంట వెళ్ళాను. ఆ గది వాడకంలో లేదనే అందరం అనుకుంటున్నాం. తలుపు తోసేసరికి గుప్పుమని ఎలుకల వాసన. గోడ పొడుగునా రెండు వరసల పంజరాలు. ఆయన ఎలుకలకి నూకలు వేస్తున్నారు.

"తలుపు వెయ్యి," అన్నారు. కంగారు పడలేదు. అలసిపోయినట్టు ముక్కాలి పీట మీద కూర్చున్నారు.

"ఏం దాస్తున్నారండి మీరు?"

"నీ కళ్ళని కాపాడుకుంటున్నాను," అన్నారాయన. తర్వాత మొత్తం చెప్పారు.

ఓడల మీద వచ్చిన పాత తేట ఇంకా గోదాములో ఉంది. కార్ఖానాలో చేసే కొత్త తేట తయారీ వేరు. కొత్తది దిగులుని బాగానే తగ్గిస్తోంది గానీ, కణితి ఉన్నవాళ్ళలో రోగం పాకే వేగాన్ని పెంచుతోందని ఆయనకి అనుమానం. రుజువు లేదు. నేను పడిన చిక్కే ఆయనా పడ్డారు. ఏది ముందు, ఏది వెనక అని. అందుకని పధ్నాలుగు నెలల కిందట నలభై ఒక్కమందికీ మంగతాయారు పిన్ని చేత చీట్లు వేయించి, సగం మందికి ఒక డబ్బా, మిగతా సగానికి ఇంకో డబ్బా కేటాయించారు. కణితి ఎక్కించిన ఎలుకలకీ అంతే.

"డబ్బాల్లో ఏముందో నాకు తెలుసు, ఎవరికి ఏ డబ్బానో తెలీదు. ఎవరికి ఏ డబ్బానో మంగతాయారుకి తెలుసు, అందులో ఏముందో తెలీదు. పలక మీద ఎన్ని కణాలున్నాయో నీకు తెలుసు. నీకు ఆ రెండూ తెలియకూడదు. తెలిస్తే, తెలియకుండానే నీ కన్ను ఒక కణాన్ని ఎక్కువ చూస్తుంది, ఒకదాన్ని వదిలేస్తుంది. రిజిస్టరులో మిగిలిపోయిన పేర్లూ మాత్రల లెక్కా కూడా అందుకే తీయించాను."

నెలన్నరగా నేను అనుమానించింది నిజమే. ఆయన దాస్తున్నారు. కానీ ఎందుకు దాస్తున్నారన్నది నేను ఊహించినదానికి పూర్తిగా తలకిందులు. నాకు ఉపశమనం కలగాలి. కోపం వచ్చింది.

"వాళ్ళని అడిగారా? ఆ నలభై ఒక్కమందినీ?"

"లేదు."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. కమిటీ ఆపించేస్తుంది. లేదా జనం భయపడి తేట మొత్తం మానేస్తారు. అప్పుడు పడవమెట్లు గుర్తుచేసుకో. ఇంకా అయిదు నెలలు ఆగితే లెక్క గట్టిపడుతుంది."

"మా అక్కది కుడి డబ్బా," అన్నాను. "కిటికీ దగ్గర నా కళ్ళతో చూశాను. కుడి డబ్బాలో ఏముందో చెప్పండి."

ఆయన ముఖం పాలిపోయింది. "ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది." నూకల గిన్నె కింద పెట్టారు. "అడిగావు కాబట్టి చెప్తాను. నీ అక్క. దాచే హక్కు నాకు లేదు. కానీ నేను చెప్పిన క్షణం నుంచి నీ లెక్క పనికిరాదు. నలభై ఒక్కమందివీ పధ్నాలుగు నెలలు వృథా. మరి, చెప్పమంటావా?"

నోటి దాకా వచ్చింది. ఆగాను. ఇప్పటిదాకా పోగైన రక్తం నమూనాలన్నీ, ఎలుకల ఊపిరితిత్తులన్నీ తొమ్మిది రోజుల్లో నేను చదివి పెడతాను, పదో రోజు ముగ్గురం కూర్చుని కాగితాలు విప్పాలి, అయిదు నెలలు కుదరదు అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఆయన్ని నిలదీసిన పనే నేనూ చెయ్యబోతున్నాను. అందుకే ఇంటికి వెళ్ళగానే అక్కకి మొత్తం చెప్పాను. తెలుసుకునే దారి ఉందని, కావాలంటే ఇప్పుడే వెళ్ళి అడిగి వస్తానని.

అక్క అంతా విని, "అడిగి వత్తే మిగతావోళ్ళ సంగతి తేలదంటావు?" అంది.

"తేలదు."

"తొమ్మిది రోజులేగా. చూడు. సరిగ్గా చూడు," అంది.

జూలై 31

రోజుకి పది గంటలు మైక్రోస్కోపు దగ్గరే. నూట అరవై నాలుగు పలకలు. వాటిని రెండోసారి, వరస మార్చి, మళ్ళీ చూశాను. రెండు లెక్కలూ కలవని చోట మూడోసారి. కొన్ని కణాలు కణితివో, మామూలు తెల్లకణాలో తేల్చుకోలేక కన్ను చెమర్చేది. అలాంటప్పుడు లేచి గట్టు చివరిదాకా నడిచి వచ్చేదాన్ని. ఎలుకల ఊపిరితిత్తులు నలభై. వాటిలో రోగం పాకిన మచ్చలు లెక్కపెట్టాను.

దిమ్మెక్కిన తలతో కూడా ఒక అనుమానం వదల్లేదు. మంచి అంకె వచ్చిన ప్రతి పలకా అక్కది కావాలని కోరుకుంటున్నాను కదా, ఆ కోరిక నా లెక్కలోకి దూరిందేమో. ఏ పలక ఆమెదో తెలియకపోవడమే నన్ను కాపాడింది. డాక్టరుగారి మీద ఉన్న కోపం అలాగే ఉంది. ఆయన చెప్పిన పద్ధతి మాత్రం సరైనదే.

ఆగస్టు 1

పొద్దున పదింటికి శీతలగదిలో ముగ్గురం కూర్చున్నాం. నేను అంకెల కాగితం పెట్టాను. మంగతాయారు పిన్ని తన కాగితం పెట్టింది, ఏ నంబరు ఎవరిది, ఎవరికి ఏ డబ్బా అని. డాక్టరుగారు అంటించిన కవరు చింపారు.

ఎడమ డబ్బా కొత్త తేట. కుడి డబ్బా పాత తేట.

ఎడమ డబ్బా వాళ్ళు ఇరవైమంది. పదమూడుమంది రక్తంలో తిరిగే కణాలు బాగా పెరిగాయి. కుడి డబ్బా వాళ్ళు ఇరవై ఒక్కమంది. పెరిగింది నలుగురికి. ఎలుకల వరసలూ అదే మాట చెప్పాయి. పాత మందు రోగాన్ని ఆపుతోందో, ఊరికే కీడు చెయ్యడం లేదో ఇంకా తెలియదు. కొత్తది మాత్రం పాకిస్తోంది.

నేను ముందు వెతికింది అక్క పేరే. క-8. పధ్నాలుగు నెలల్లో ఎప్పుడూ మూడు దాటలేదు. దగ్గు ఇంట్లో చెమ్మ వల్లేనని తర్వాత డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పారు. కానీ ఆ క్షణంలో నేను గట్టిగా ఊపిరి వదిలాను. వదిలాక పక్కకి చూశాను.

మంగతాయారు పిన్ని వేలు క-17 మీద ఉంది. వీరన్న బాబాయి.

"ఎడం డబ్బా," అంది. "రోజుకి మూడు. నా చేత్తోనే."

డాక్టరుగారు ఏదో చెప్పబోయారు. "చీట్లు కదండి మీరు ఏయించింది," అని ఆమే అంది. "ఆయన చీటీ నేనే తీశాను. మార్చుకోవచ్చని తోచలేదు. మార్చుకోకూడదన్నారుగా."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని లేచింది. ఎవరూ ఆపలేదు.

ఆగస్టు 2

నిన్న సాయంత్రం డాక్టరుగారూ నేనూ తీసుకెళ్ళిన లెక్కలన్నీ ఇందుశేఖర్‌గారు చూశారు. నిజంగానే ఆయనకి ఇదేదీ తెలియదు. చూశాక రెండు వారాలు గుట్టుగా ఉంచమన్నారు, కార్ఖానా సంగతి తేల్చేదాకా. డాక్టరుగారు తల వంచుకున్నారు. నేను కుదరదన్నాను.

మా మాటలతో పని లేకుండా పోయింది. ఈ ఉదయం కిటికీ తెరవగానే మంగతాయారు పిన్ని రెండు డబ్బాలూ బల్ల మీదికి ఎత్తి అందరికీ కనిపించేలా పెట్టింది.

"ఒక మాట చెప్తాను, వినండి. కణితి ఉన్నోళ్ళు ఈ ఎడం డబ్బాది ఇంక ముట్టుకోవద్దు. రోగం పాకుతోంది. కుడిదాంట్లో ఉన్నది పాత మందు. అది మీకోసం పక్కన పెట్టాం. కణితి లేనోళ్ళు భయపడక్కర్లేదు, తేట మానొద్దు. ఇన్నాళ్ళూ ఎవరికి ఏది ఇచ్చానో నా దగ్గర రాసుంది. అడిగినోళ్ళకి చెప్తాను."

గొడవ జరుగుతుందనుకున్నాను. వరస కదల్లేదు. పడవల మేస్త్రి ముందుకొచ్చి, "నాదేదమ్మా?" అన్నాడు. "ఎడం," అంది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, ఇంకేం అడగకుండా కుడి డబ్బా మాత్రలు తీసుకుని వెళ్ళాడు. ఒక్కొక్కరే వచ్చి అడిగారు. ఇరవై సార్లు ఆమె అదే మాట చెప్పింది. ఆఖరివాళ్ళకి వేలితోనే చూపించింది.

సెప్టెంబరు 12

గట్టు సభ మూడు రోజులు జరిగింది. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. డాక్టరుగారు కనిపెట్టింది నిజమని చెప్పాను. ఆయన లేకపోతే ఇంకో పదేళ్ళు మనకి తెలిసేది కాదని చెప్పాను. ఆయన మనుషుల్ని అడగకుండా చేశారని కూడా చెప్పాను. "నేను మా అక్కని అడిగాను. తొమ్మిది రోజులు ఆగడానికి ఆమె ఒప్పుకుంది. అడిగితే జనం ఏమంటారో ఈయన అడక్కుండానే అనేసుకున్నారు."

ఆయన్ని ఆస్పత్రి పెద్దగా తీసేశారు. ఎలుకల గది మాత్రం ఆయనకే వదిలారు. కొత్త తేటలో ఏ ముక్క ఈ పని చేస్తోందో పట్టుకోవాలి. పాత తేట ఏడాదికి మించి రాదు. బయటికి వస్తూ ఆయన నా దగ్గర ఆగి, "సరిగ్గానే చెప్పావు," అన్నారు. అందులో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. ఉన్నా దాచుకోగలరు.

అక్టోబరు 6

ఎలుకల్లో పాకించని కొత్త తయారీ ఒకటి ఆయనకి కుదిరింది. మనుషుల్లో చూడాలి. ఈసారి ఇంటింటికీ వెళ్ళి అడగడం నా పని. ఏం తెలుసో, ఏం తెలియదో, ఏం జరగవచ్చో చెప్పి, ఒప్పుకుంటేనే సంతకం. వద్దంటే పాత మందే, ఉన్నంతకాలం.

మొదట వీరన్న బాబాయి ఇంటికి వెళ్ళాను. రోగం ఊపిరితిత్తుల్లోకి చేరింది. మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నారు. పిన్ని గిన్నె పట్టుకుంది. నేను మొత్తం చదివాను. గొంతు లేదు ఆయనకి, గుసగుసే.

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అన్నారు.

"ఆలోచించుకోండి బాబాయ్. తొందరేం లేదు."

"ఆలోచించేదేముందమ్మా." కలం అందుకున్నారు. పేరు రాశాక పిన్ని వైపు తిరిగారు. "పోయినేడు కూడా ఒక మాట అడిగుంటే ఒప్పుకునేవోణ్ణే. ఎడందే ఇమ్మన్నా తీసుకునేవోణ్ణి. నీ ఒక్కదాని మీద పడేది కాదుగా."

పిన్ని గిన్నె కింద పెట్టి ఆయన భుజానికి నుదురు ఆనించింది. నేను కాగితం మీద తారీఖు వేసి, పక్క ఇంటికి వెళ్ళాను.